కింద అర

వన్‌టౌన్ పాత కొట్లో చేసినప్పుడు
తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని
చీర విసిరితే
కొనేవాళ్ళ ఒళ్ళో దాకా జారిపోయేది.
జీతం తక్కువే.
మోకాళ్ళు మాత్రం నావి.

ఇప్పుడు బీసెంట్ రోడ్డు దగ్గర అద్దాల షాపు,
మూడో అంతస్తు, పట్టు సెక్షను.
లిఫ్టుంది, కస్టమర్లకి.
మెత్తటి సోఫాలున్నాయి, అవీ వాళ్ళకే.
మేం ఆనుకుంటే గోడ మాసిపోతుందట.
పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడినదాన్ని
రాత్రి తొమ్మిదికి
నా కాళ్ళెక్కడున్నాయో వెతుక్కుంటాను.

పిక్కల మీద నీలం నరాలు తేలాయి.
ఎడమ కాలిది బందరు కాలవ,
కుడి కాలిది ఏలూరు కాలవ,
మోకాలి వెనక మెలిక తిరిగింది రైవస్.
మా చిన్నది స్కెచ్ పెన్నుతో
వాటి మీద పడవలు గీసింది ఓ మంగళవారం.
మాకు సెలవు మంగళవారం.
ఆషాఢం సేల్లో అదీ లేదు.

మొన్న పంచింగ్ మెషిను పక్కన కాగితం అంటించారు:
పెళ్ళిళ్ళ సీజను మొత్తం రాత్రి పది దాకా,
సిబ్బంది సహకరించగలరు.
జీతం సంగతి రాయడానికి
కాగితంలో చోటు చాలలేదు కాబోలు.
గిన్నెలు తోమి తోమి బొటనవేలి గీతలు అరిగాయి,
మెషిను నన్ను నమ్మదు.
నాలుగోసారి నొక్కితే థాంక్యూ అంటుంది.
అప్పటికి లేటు, యాభై కోత.

ఇంటద్దె అయిదొందలు పెంచారు.
నూనె లీటరు నుంచి అరలీటరుకి దిగాం,
పప్పులో సొరకాయ పెరిగింది.
నా నెల జీతం పన్నెండు వేలు.
రోజూ నేను మడత విప్పే చీర పద్దెనిమిది.
దాని మీద కోపమేం లేదు,
దానికైనా ఒక అర ఉంది, పడుకోవడానికి.

రోజు మొత్తంలో నేను కూర్చునేది ఒక్కచోటే,
సింగ్‌నగర్ షేర్ ఆటోలో, డ్రైవరు వెనక, సగం సీటు.
దానికి నేనే డబ్బులిచ్చుకుంటాను.
పది ఉండేది, పదిహేనయింది,
గ్యాసు పెరిగిందని ఇరవై.
అందుకని రాత్రిళ్ళు నడుస్తున్నాం
నేనూ, కెజియా.

మా ఫ్లోరులో ఒక మాటుంది.
మేనేజరుకి తెలీదు, కెమెరాకి తెలీదు.
ఎవరి మొహమైనా పాలిపోతే
ఎవరికైనా పొత్తికడుపు పట్టేస్తే
"రహమతూ, కింద అర చూడు" అంటాం.
కింద అరలో ఏమీ ఉండవు,
ఖాళీ డబ్బాలు, విరిగిన హ్యాంగర్లు.
ఉన్నట్టే వెతకాలి,
మఠం వేసుకుని, మెల్లగా, రెండు నిమిషాలు.

ఉయ్యూరు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ అడిగింది,
"ఏం వెతుకుతోందమ్మా ఆ పిల్ల?"
"మీకు నప్పే రంగండీ."
ఆవిడ రహమతు వైపు చూసింది, తర్వాత నా కాళ్ళ వైపు.
"తొందరేం లేదు, వెతకమను" అంది.
సోఫాలో వెనక్కి వాలి, మంచినీళ్ళు అడిగి,
పావుగంట తర్వాత
ఏమీ కొనకుండా లేచి వెళ్ళింది.
ఆ రోజు మా ఇద్దరి ఇన్సెంటివూ సున్నా.
అయినా ఆవిడ మళ్ళీ వస్తుందేమోనని
మెట్ల వైపు చూస్తుంటాను.

నిన్న రాత్రి పదిన్నర దాటాక
ఫ్లైఓవరు మధ్యలో కెజియా ఆగిపోయింది.
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.
నేనేం అడగలేదు.
"కింద అర చూద్దాం" అన్నాను.

పిట్టగోడకి వీపులు ఆనించాం.
ఇది మాసే గోడ కాదు.
కింద నుంచి గూడ్సు బండి పోతోంది,
చప్పుడుని బట్టి డబ్బాలు లెక్కపెట్టాం.
నలభై మూడు దగ్గర
కెజియా ఫోను మోగింది, ఇంటి నుంచి.
ఎత్తలేదు.
ఇంకా డబ్బాలున్నాయి.